ప్రమాదాల రిజిస్టరు చదివాకే ప్రథమ చికిత్స పెట్టె నింపాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

పని స్థలాల్లో ప్రమాదం జరిగినప్పుడల్లా పత్రికల్లో వార్తలు వస్తాయి, ఆ వెంటనే భద్రత గురించి వ్యాసాలూ వస్తాయి. ప్రమాదం ఎలా జరిగింది, బాధ్యులెవరు, పరిహారం ఎంత అన్న మూడు ప్రశ్నల చుట్టూనే ఆ చర్చంతా తిరుగుతుంది. గాయపడిన మనిషికి మొదటి ఐదు నిమిషాల్లో ఎవరు ఏం చేశారు, చేయడానికి వారి చేతిలో ఏముంది అన్న నాలుగో ప్రశ్నను ఎవరూ అడగరు. చాలా ఏళ్లు కర్మాగారాల ప్రథమ చికిత్స గదుల్లో పనిచేసి, ఆ తర్వాత కార్మికులకు ఆ పనే నేర్పుతూ వస్తున్నవాణ్ని కాబట్టి ఆ నాలుగో ప్రశ్న గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పెద్దదైతే మన్నించండి. పద్ధతిగా నడిచే ఏ పని స్థలంలోనైనా ప్రమాదాల రిజిస్టరు ఒకటి, ప్రథమ చికిత్స పెట్టె ఒకటి ఉంటాయి. మొదటిది ఆఫీసు బీరువాలో, రెండోది గోడ మీద. ఒకదానిలో ఏం రాసి ఉందో చూసి రెండోదానిలో ఏం పెట్టాలో నిర్ణయించే మనిషి మాత్రం నాకు అరుదుగా కనిపించాడు.

ఏ సంస్థకు శిక్షణ ఇవ్వడానికి వెళ్లినా నేను మొదట పెట్టె తెరవమంటాను. ఒకచోట దాని తాళంచెవి సూపర్‌వైజరు సొరుగులో ఉంది, సూపర్‌వైజరు ఆ రోజు సెలవులో ఉన్నారు. వెతికి తెరిచేసరికి పావుగంట పట్టింది. లోపల త్రికోణపు కట్టుగుడ్డలు కొన్నప్పటి మడత విప్పకుండా ఉన్నాయి. గడువు తీరిన కంటి చుక్కల సీసా ఒకటి ఉంది. వేళ్లకు అంటించే చిన్న ప్లాస్టర్ల డబ్బా ఖాళీ. కత్తెర లేదు, పార్సిళ్లు విప్పడానికి స్టోర్సువాళ్లు పట్టుకెళ్లారని చెప్పారు. మూత లోపల అంటించిన జాబితాలో మాత్రం ప్రతి వస్తువు పక్కనా టిక్కు ఉంది, కింద తనిఖీ చేసినవారి సంతకమూ ఉంది. అక్కడ ఎప్పుడూ వాడని వస్తువులు నిండుగా ఉండి, రోజూ వాడేవి ఖాళీ అయ్యాయంటే దానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే అనుకోను. ఆ జాబితా ఆ చోటును చూసి రాసింది కాదు. ఎవరో, ఎక్కడో, అన్ని చోట్లకూ కలిపి రాసింది.

అన్ని చోట్లకూ కలిపి రాయడం చట్టానికి తప్పదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి భారత కర్మాగారాల చట్టం 45వ సెక్షన్‌లో 150 మంది కార్మికులకు ఒకటికి తగ్గకుండా పెట్టెలు ఉండాలనీ, వాటి బాధ్యత ప్రథమ చికిత్సలో సర్టిఫికెట్ ఉన్న వ్యక్తి చేతిలో ఉండాలనీ, ఆ వ్యక్తి పని వేళలన్నిటిలో అందుబాటులో ఉండాలనీ రాశారు. బ్రిటన్ 1981లో చేసిన ప్రథమ చికిత్స నిబంధనలు ఇంకో దారి పట్టాయి. ఇంతమందికి ఇన్ని పెట్టెలని లెక్క కట్టకుండా, ఆ చోటి పరిస్థితికి సరిపోయేంత ఏర్పాటు చేయాలని యజమానికే వదిలేశాయి. ఆ అవసరాన్ని అంచనా వేసేటప్పుడు గతంలో జరిగిన ప్రమాదాల చరిత్ర చూడాలని అక్కడి మార్గదర్శకాలు చెబుతాయి. నన్నడిగితే రెండో దారే సరైనది, అయితే మొదటిది పునాదిగా ఉండాలి. సంఖ్య నిర్ణయించకపోతే కొందరు ఒక్క పెట్టె కూడా పెట్టరు. సంఖ్య మాత్రమే నిర్ణయిస్తే అందరూ ఆ సంఖ్య దగ్గరే ఆగిపోతారు.

ఇక రిజిస్టరు సంగతి. పెట్టె చూశాక నేను అడిగేది దాన్నే. ఒక సంస్థలో నాలుగేళ్ల రిజిస్టరు నా ముందు పెట్టారు. అందమైన చేతిరాత, ఎర్ర సిరా గీతలు, ఒక్క కొట్టివేత లేదు. పేరు, టోకెన్ నంబరు, తేదీ, విభాగం అన్నీ ఉన్నాయి. చివరి గడిలో మాత్రం పేజీ తర్వాత పేజీ ఒకే వాక్యం: 'చేతికి గాయము. ప్రథమ చికిత్స చేసి పంపడమైనది.' ఏ చేయి, ఎక్కడ, ఎంత లోతు, ఏది తగిలి తెగింది, ఏ వేళకు, చికిత్స చేసిందెవరు, ఎంతసేపటికి, ఏ వస్తువుతో? వీటిలో ఒక్కటీ లేదు. నెపం రాసినవారి మీద వేయలేం. పరిహారం కోర్టుకు చేరితే చూపించడానికీ, ఇన్‌స్పెక్టరు వస్తే ముందు పెట్టడానికీ ఆ పుస్తకాన్ని పెట్టారు, అందుకు కావలసినంతే అందులో రాశారు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఒకటి ఉంది. అది చట్టాల లెక్కలోనే దాగి ఉంది. పైన చెప్పిన 1948 చట్టం ప్రకారం, ప్రాణం పోయిన సందర్భాలు కాక, దెబ్బ తగిలిన మనిషి 48 గంటలో అంతకు మించో పనికి రాలేకపోతేనే ఆ ప్రమాదాన్ని అధికారులకు తెలపాల్సి ఉండేది. అమెరికా నిబంధనలు ఈ గీతను ఇంకా స్పష్టంగా గీశాయి: ప్రథమ చికిత్సతో సరిపోయిన గాయాన్ని అక్కడి అధికారిక లాగ్‌లో రాయనక్కర్లేదు. ప్రథమ చికిత్స అంటే ఏమిటో కూడా వారు జాబితా ఇచ్చారు. గాయం కడగడం, కట్టు కట్టడం, వేడి కాపడమో చల్లని కాపడమో పెట్టడం, కంట్లో పడ్డ నలుసును నీళ్లతోనో దూది పుల్లతోనో తీయడం, వేడికి నీరసించినవారికి ద్రవాలు తాగించడం అందులో ఉన్నాయి. అధికారుల దృష్టిలో ఇది న్యాయమే, ప్రతి గీతనూ వారికి పంపనవసరం లేదు. కానీ దాని ఫలితం చూడండి. ప్రథమ చికిత్స చక్కగా పనిచేసిన ప్రతి సంఘటనా రికార్డు నుంచి జారిపోతుంది, అది పనిచేయక ఆసుపత్రి దాకా వెళ్లిన సంఘటనే మిగులుతుంది. పెట్టెలో ఏం పెట్టాలో నిర్ణయించడానికి కావలసిన సమాచారంలో ఎక్కువ భాగం చట్టం అక్కర్లేదన్న ఆ భాగంలోనే ఉంది. అందుకే చట్టం అడిగే రిజిస్టరుతో పాటు, అడగని చిన్న గాయాల పుస్తకం ఒకటి పెట్టె పక్కనే పెన్సిలు కట్టి వేలాడదీయాలని నేను పట్టుబడతాను.

ఆ పుస్తకం లేనిచోట పెట్టె ఖర్చే సాక్ష్యం చెబుతుంది. స్టోర్సు నుంచి ప్లాస్టర్లు, దూది, గాజుగుడ్డ తెచ్చుకున్న చీటీలు ఏడాదివి ఒకచోట పేర్చి చూడండి. నెలకు వంద ప్లాస్టర్లు ఖర్చవుతూ రిజిస్టరులో నాలుగు గాయాలే కనిపిస్తున్నాయనుకుందాం. కొన్ని ఇళ్లకు వెళ్లి ఉండవచ్చు, కానీ మిగిలినవి ఎవరివో వేళ్లకు అంటుకున్నాయి కదా. ఆసుపత్రికి పంపిన చీటీలు, గేటు దగ్గర ముందుగా వెళ్లిపోయినవారి పాసులు, బీమా క్లెయిములు, అంబులెన్సుకు ఫోన్ చేసిన వివరాలు కూడా రికార్డులే. ఒకదానితో ఒకటి పోల్చి చూస్తే ఎక్కడ రాయడం మానేశారో తెలుస్తుంది. ఇంకో సంగతి: పని మధ్యలో ఛాతీ నొప్పి, మూర్ఛ, చక్కెర పడిపోయి కళ్లు తిరగడం వంటివి 'ప్రమాదాలు' కావు కాబట్టి ప్రమాదాల రిజిస్టరులోకి ఎక్కవు. ప్రథమ చికిత్స తెలిసిన మనిషిని పిలిచేది మాత్రం వాటికీ పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ రాయాలి, అది యంత్రం చేసిన గాయమైనా కాకపోయినా.

ఇప్పుడు ఈ కాగితాలను ఎలా చదవాలి అన్న ప్రశ్న. ప్రమాద విచారణ చేసేవారు ప్రతి వరుస ముందు ఆగి 'ఇది ఎందుకు జరిగింది' అని అడుగుతారు. ప్రథమ చికిత్స ఏర్పాటు చేసేవారు అదే వరుస ముందు ఆగి 'ఇతనికి మొదట కావలసినది ఏమిటి, అది ఇతనికి ఎంత దూరంలో ఉంది' అని అడగాలి. మొదటి ప్రశ్న ప్రమాదాన్ని ఆపడానికి, రెండోది ఆగని ప్రమాదానికి. ఈ రెండు ప్రశ్నలకు లెక్క కట్టే తీరు కూడా వేరు. నివారణ చూసేవారికి రేటు కావాలి, అంటే ఎన్ని పని గంటలకు ఎన్ని గాయాలు అని. అమెరికాలో దాన్ని 2,00,000 పని గంటలకు లెక్కిస్తారు. వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 50 వారాలు వందమంది చేసే పని అది. పెట్టె నింపేవారికి రేటు కంటే మొత్తం సంఖ్యే ముఖ్యం. ఇరవై మంది ఉన్న రాత్రి షిఫ్టులో పన్నెండు గాయాలు, తొంభై మంది ఉన్న పగటి షిఫ్టులో పద్దెనిమిది గాయాలు జరిగాయనుకోండి. నివారణ చూసేవాడు రాత్రి షిఫ్టును చూసి ఉలిక్కిపడాలి. పెట్టె నింపేవాడు మాత్రం రెండు షిఫ్టులకూ సరుకు పెట్టాలి, రెండు షిఫ్టుల్లోనూ మనిషిని ఉంచాలి.

మనిషి అనగానే నాకు ఎక్కువగా ఎదురైన లోపం ఒకటి చెప్పాలి. శిక్షణకు పేర్లు పంపమంటే యాజమాన్యాలు పంపేది తరచుగా ఆఫీసు సిబ్బందినే. వారిని రెండు రోజులు పని నుంచి తప్పించడం తేలిక, ఉత్పత్తి ఆగదు. సర్టిఫికెట్లు ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తారు. ఆ సర్టిఫికెట్ ఉన్నవారందరూ ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లిపోయే జనరల్ షిఫ్టులోనే ఉంటారు. రిజిస్టరులో గంట రాసే అలవాటు ఉన్నచోట గాయాలను గడియారం మీద గుర్తులు పెట్టి చూడండి. రాత్రి షిఫ్టులో, షిఫ్టు చివర్లో, ఓవర్‌టైమ్ గంటల్లో గుర్తులు గుంపుగా పడ్డచోట సర్టిఫికెట్ ఉన్న మనిషి ఒక్కరూ ఉండకపోవచ్చు. ఒక్కో షిఫ్టుకు, ఒక్కో అంతస్తుకు ఇద్దరైనా ఉండాలి. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరు సెలవు పెట్టిన రోజు పెట్టె అనాథ అవుతుంది. గాయపడేది ఆ ఒక్కరే అయితే ఇంకా కష్టం. కాంట్రాక్టు కార్మికుల పేర్లు వేరే రిజిస్టరులో, కాంట్రాక్టరు దగ్గర ఉంటాయి కాబట్టి వారి గాయాలు ఈ లెక్కలోకి రావన్నది కూడా గుర్తు పెట్టుకోవాలి. ఆ పుస్తకాలు తెప్పించి రెండింటినీ కలపకపోతే, ప్రమాదకరమైన పని ఎక్కువగా చేసేవారే లెక్కలోంచి తప్పిపోతారు.

నేను చేసే పద్ధతి చాలా మోటుది, కంప్యూటరు అక్కర్లేదు. పని స్థలం నక్షా ఒకటి పెద్ద కాగితం మీద గీయిస్తాను. మూడు నుంచి ఐదేళ్ల రిజిస్టరు తీసుకుని ఒక్కో గాయానికి ఒక్కో చుక్క పెట్టిస్తాను. తెగిన గాయానికి ఎరుపు, కాలిన గాయానికి నారింజ, కంటికి నీలం, నలిగినదానికి నలుపు. ఒక్క ఏడాది సరిపోదు, ఎందుకంటే నలభై మంది పనిచేసే చోట ఏడాదిలో మూడు గాయాలు ఒక మూలనా, ఒకటి ఇంకో మూలనా పడితే అది యాదృచ్ఛికంగా పడినదే కావచ్చు. పదేళ్లు వెనక్కి వెళ్లడమూ మంచిది కాదు, యంత్రాలూ మనుషులూ మారిపోయి ఉంటారు. చుక్కలు పెట్టాక పెట్టె ఎక్కడుందో అదే నక్షా మీద గుర్తు పెట్టమంటాను. అప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు. పెట్టె ఆఫీసు తలుపు పక్కన, సందర్శకులకు కనిపించేలా ఉంటుంది. చుక్కలు షెడ్డు రెండో చివర ఉంటాయి.

ఇందాక చెప్పిన అందమైన చేతిరాత రిజిస్టరులో స్థలం, గంట లేవు కదా, అక్కడ ఏం చేశానో చెబుతాను. ప్రథమ చికిత్స గదిలో చాలాకాలంగా పనిచేస్తున్న ఒక సహాయకురాలిని పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు ఒక్కొక్కటిగా చదివాను. ఆమెకు చదువు అంతంత మాత్రమే, జ్ఞాపకం మాత్రం గట్టిది. 'ఇతనిది డ్రిల్లింగ్ దగ్గర సార్. మిషను కింద రాలిన ఇనుప చుట్టలు గుడ్డతో తుడుస్తుంటే వేలు తెగింది. ఇతనిదీ అంతే. ఇతనిదీ అంతే.' ఎప్పుడని అడిగితే, 'మిషను ఆపి శుభ్రం చేసేటప్పుడు, ఇంటికెళ్లే ముందు' అంది. నాలుగేళ్లుగా 'చేతికి గాయము' అని రాసుకున్న వరుసల్లో సగానికి పైగా ఒకే చోట, ఒకే అరగంటలో, ఒకే పని చేస్తుండగా జరిగినవని ఆ మధ్యాహ్నం తేలింది. తుడవడానికి గుడ్డకు బదులు బ్రష్షు, చేతికి తెగని గ్లవుజులు ఇవ్వాలన్నది నివారణ. ఆ అరగంటలో చిన్న ప్లాస్టర్లు, గాయం కడిగే నీళ్లు, రక్తం ఆగేలా నొక్కిపట్టే గాజుగుడ్డ డ్రిల్లింగ్ విభాగంలోనే ఉండాలన్నది ప్రథమ చికిత్స. అక్కడికి గది నుంచి నడిచి రావడానికి ఆమెకే నాలుగు నిమిషాలు పడుతోంది.

నిమిషాల లెక్క ఎందుకు ముఖ్యమో ఇక్కడ కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే అన్ని గాయాలకూ గడువు ఒకటి కాదు. యాసిడో క్షారమో కంట్లో పడితే వెంటనే కడగడం మొదలుపెట్టి కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడగాలి. కళ్లు కడిగే ఏర్పాటు ప్రమాదం జరిగే చోటు నుంచి 10 సెకన్లలో చేరుకునేంత దగ్గరలో ఉండాలని అమెరికా ప్రమాణం చెబుతుంది. కళ్లు తెరవలేని మనిషి తడుముకుంటూ వెళ్లాలని గుర్తుంచుకుంటే ఆ పది సెకన్లు ఎంత తక్కువ దూరమో అర్థమవుతుంది. కాలిన గాయాన్ని పారే చల్లని నీటి కింద 20 నిమిషాలు ఉంచాలి, ఐసు పెట్టకూడదు. కాబట్టి నక్షా మీద నారింజ చుక్కలు ఉన్నచోట కావలసింది ముందు కుళాయి, ఆ తర్వాతే పెట్టె. గుండె ఆగిన మనిషికి సీపీఆర్ (ఛాతీని లయగా నొక్కడం) గానీ, గుండెను మళ్లీ కొట్టించే డీఫిబ్రిలేటర్ యంత్రం షాక్ గానీ అందకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గిపోతుంది. యంత్రంలో పడి వేలు తెగిపోతే ఆ తెగిన ముక్కను తడిపిన శుభ్రమైన గాజుగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు మీద పెట్టి మనిషితో పాటు పంపాలి. ముక్క నేరుగా ఐసుకు తగలకూడదు. ప్రెస్సులు, రంపాలు ఉన్న చోట నల్ల, ఎర్ర చుక్కలు కనిపిస్తే పెట్టెలో ఆ సంచి, ఆ గాజుగుడ్డతో పాటు, ఐసు ఎక్కడ దొరుకుతుందో రాసిన చీటీ కూడా ఉండాలి. చీటీ ఏమిటని నవ్వకండి. ఐసు కోసం పరిగెత్తి ఏ గది తాళం తీయాలో తెలియక నిలబడ్డ మనిషిని నేను చూశాను.

శిక్షణ గంటలను కూడా ఈ చుక్కలతోనే పంచుకోవాలి. అన్ని చోట్లా ఒకే పాఠం చెప్పే అలవాటు మాలాంటి శిక్షకులదే, ఆ తప్పు నేనూ చాలాకాలం చేశాను. కాలు విరిగితే చెక్క కట్టడం గంటసేపు చూపించి, కంట్లో పడిన రసాయనాన్ని కడగడం ఐదు నిమిషాల్లో ముగించేవాణ్ని. చెక్క కట్టే పని ఎప్పుడూ పడని చోట, కళ్లు కడిగే పని నెలకోసారి పడే చోట ఆ పాఠం తలకిందులుగా ఉన్నట్టే కదా. సీపీఆర్ మాత్రం రిజిస్టరులో ఉన్నా లేకపోయినా నేర్పుతాను. దాని కారణం వేరు, అది చెప్పడానికే వస్తున్నాను.

గత ప్రమాదాల రికార్డును నమ్ముకోవాలని ఇంతసేపు చెప్పిన నేనే, దాన్ని పూర్తిగా నమ్మవద్దని కూడా చెప్పాలి. రిజిస్టరులో లేనిది ఆ చోట జరగదని కాదు. గణాంక శాస్త్రంలో మూడు నియమం అని ఒక చిన్న లెక్క ఉంది. ఐదేళ్లలో ఒక సంఘటన ఒక్కసారీ జరగలేదనుకోండి. మూడును ఐదుతో భాగిస్తే 0.6 వస్తుంది. అంటే ఏడాదికి 0.6 సార్లు, ఐదేళ్లకు మూడుసార్లు జరగగల ప్రమాదమైనా సరే, అదృష్టవశాత్తూ ఐదేళ్లపాటు కనిపించకుండా ఉండి ఉండవచ్చు. ఆ ఖాళీ పేజీని చూసి 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది దాని రేటు అంతకు మించి ఉండదని మాత్రమే. విద్యుత్ షాక్, విషవాయువు, గుండె ఆగడం, ఎత్తు నుంచి పడిపోవడం అరుదుగా జరిగేవి, జరిగితే కోలుకోలేనివి. వాటి విషయంలో ఖాళీ పేజీ మనకు చెప్పేది చాలా తక్కువ. వీటికి ఏర్పాటు రిజిస్టరు చూసి కాదు, అక్కడ చేసే పని చూసి, వాడే పదార్థం చూసి చేయాలి. ప్రతి రసాయనంతో వచ్చే భద్రతా సమాచార పత్రంలో 16 భాగాలు ఉంటాయి, నాలుగోది ప్రథమ చికిత్సే. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడే చోట ఆ భాగం ఒక్కసారి చదివితే, ఆ ఆమ్లం కాల్చిన చోట పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ మామూలు పెట్టెలో ఉండదనీ, తమ పెట్టెలో తప్పక ఉండాలనీ తెలుస్తుంది. అది తెలుసుకోవడానికి ఒక మనిషి కాలేదాకా ఆగనక్కర్లేదు. కొత్త యంత్రం వచ్చిన రోజు, రసాయనం మారిన రోజు, కొత్తవారు పెద్ద సంఖ్యలో చేరిన రోజు పాత నక్షా పాతబడిపోయినట్టే.

చిన్న గాయాలు తగ్గితే పెద్దవీ వాటంతటవే తగ్గుతాయన్న నమ్మకం కూడా పరిశ్రమల్లో బలంగా ఉంది. 1931లో హైన్‌రిక్ అనే అమెరికా బీమా ఉద్యోగి ఒక పెద్ద గాయానికి 29 చిన్న గాయాలు, అసలు గాయమే కాని 300 సంఘటనలు ఉంటాయని చెప్పిన లెక్క ఇందుకు మూలం. గోడల మీద త్రిభుజం బొమ్మ గీసి తగిలించేది దాన్నే. ఆ అంకెలకు ఆధారమైన కాగితాలు తర్వాతి పరిశోధకులకు దొరకలేదు, అన్ని చోట్లా అదే నిష్పత్తి ఉంటుందన్న మాటను చాలామంది ప్రశ్నించారు. వేళ్లు తెగడానికి కారణం ఒకటి, బాయిలరు పేలడానికి కారణం ఇంకొకటి. ప్లాస్టర్ల ఖర్చు తగ్గిందని మంటలార్పే ఏర్పాటు మీద నమ్మకం పెంచుకోవడం ప్రమాదకరం. చిన్న గాయాల పుస్తకం చిన్న గాయాలకు ఏం కావాలో చెబుతుంది. దాని చేత అంతకు మించి చెప్పించకూడదు.

రికార్డు నిజం చెప్పాలంటే రాసేవారికి భయం ఉండకూడదు. గేటు దగ్గర 'ప్రమాదం లేని రోజులు' అని పెద్ద అంకెల బోర్డు పెట్టి, ఆ అంకెకు బోనసు ముడిపెట్టిన సంస్థలో నేను కొంతకాలం పనిచేశాను. అంకె పెరుగుతూనే ఉండేది. ఒకరోజు ఒక కుర్రవాడు చేయి ప్యాంటు జేబులో పెట్టుకుని ప్రథమ చికిత్స గదికి వచ్చాడు. జేబులోంచి తీయమంటే తీయడు. చివరికి తీస్తే వేలికి చుట్టిన చేతిరుమాలు ఎండిన రక్తంతో అట్టకట్టుకుపోయింది, వేలు వాచి నల్లబడింది. గాయమై మూడు రోజులైందట. 'నా వల్ల అందరి బోనసు పోతుందని చెప్పలేదు సార్' అన్నాడు. పది నిమిషాలు కడిగి కట్టు కడితే పోయేది, ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సి వచ్చింది. ఆ బోర్డు మీద మాత్రం ఆ మూడు రోజులూ ప్రమాదం లేని రోజులే. రాసినవాణ్ని శిక్షించే చోట, అంకెను చూసి బహుమతి ఇచ్చే చోట రిజిస్టరు తెరిచి ప్రణాళిక వేయడం వృథా. ఏర్పాటు కోసం చదివేటప్పుడు పేర్లు అక్కర్లేదు కూడా. స్థలం, గంట, గాయం, చేసిన పని చాలు. బ్రిటన్‌లో 2003లో ప్రమాదాల పుస్తకాన్ని మార్చి, నింపిన ప్రతి పేజీనీ చించి విడిగా భద్రపరిచేలా చేశారు, ముందువారి వివరాలు తర్వాతివారి కంట పడకుండా. అది అనుసరించదగ్గ పద్ధతి.

సంపాదకులను ఒక్కటి కోరుతున్నాను. ప్రమాద వార్త రాసే విలేకరులు మృతుల సంఖ్యతో పాటు, గాయపడినవారికి అక్కడ మొదట చేయి వేసిందెవరు, ఎన్ని నిమిషాలకు, ఏ వస్తువుతో అని కూడా అడిగి రాస్తే బాగుంటుంది. అడిగేవారు ఉన్నారని తెలిస్తే సమాధానం సిద్ధం చేసుకునేవారూ ఉంటారు. యాజమాన్యాలకు నేను చెప్పేది, తర్వాతి రిజిస్టరు అచ్చు వేయించేటప్పుడు గడులు కొన్ని పెంచమని. ప్రమాదం జరిగిన గంట, కచ్చితమైన చోటు, శరీరంలో ఏ భాగం, మొదట చేసిన పని, చేసినవారు, పట్టిన నిమిషాలు, పెట్టెలో వాడిన వస్తువు, వెతికితే దొరకని వస్తువు. చివరిది చాలా విలువైనది, దాన్ని అడిగే రిజిస్టరును నేను ఇంతవరకు ఎక్కడా చూడలేదు. తనిఖీ అధికారులు పెట్టె మూత మీది జాబితాకు టిక్కు పెట్టేముందు ఆ గడి చదవాలి.

డ్రిల్లింగ్ విభాగం సంగతి చెప్పాను కదా, ఆ సంస్థకు మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాను. పెట్టె ఒకటి ఆ విభాగంలోకి మారింది, తాళం తీసేశారు. గ్రైండింగ్ దగ్గర కళ్లు కడిగే నీళ్ల సీసాలు రెండు తగిలించారు. చేతిరాత అదే అందంగా ఉంది కానీ వాక్యం మారింది. నేను తెరిచిన పేజీలో చివరి వరుస ఇది: 'రాత్రి 9.40. గ్రైండింగ్. కుడి కంట్లో దుమ్ము, నలపనివ్వలేదు. ఒక నిమిషంలో కడగడం మొదలు. సీసా ఒకటి అయిపోయింది, రేపు ఉదయం పెట్టించాలి.' దాని పక్కన వేరే సిరాతో, మరుసటి రోజు తేదీ వేసి, 'పెట్టించాను' అని రాసి ఉంది.

ఇట్లు,
భవదీయుడు,
ఒక ప్రథమ చికిత్స శిక్షకుడు